క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా: నమోదులో పట్టు, ఫలితాల దగ్గర వెలితి

గుంటూరులో పీజీ వైద్య విద్యార్థులకు థీసిస్ పద్ధతులు, గణాంకాల విషయంలో సాయపడే పనిలో నేను తరచుగా తెరిచే సేవ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా (సీటీఆర్ఐ). మందులనూ చికిత్సలనూ మనుషులపై పరీక్షించే అధ్యయనాల (ట్రయల్స్) వివరాలను నమోదు చేసే ఆన్‌లైన్ పట్టిక ఇది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2007 జూలైలో మొదలైన ఈ రిజిస్ట్రీలో ట్రయల్ నమోదుకు రుసుము లేదు. వివరాలు ఎవరైనా వెతికి చదువుకోవచ్చు.

దీని అసలు బలం కాలక్రమాన్ని కచ్చితంగా పాటించడంలో ఉంది. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదటి రోగిని చేర్చుకోకముందే దరఖాస్తు చేసిన ట్రయల్స్‌నే నమోదు చేస్తున్నారు. ప్రధానంగా దేన్ని కొలుస్తారో, ఎన్ని వారాలకు కొలుస్తారో, ఎంతమందిని చేర్చుకుంటారో, ఎవరు ఏ చికిత్స పొందాలన్నది ఏ పద్ధతిలో నిర్ణయిస్తారో ముందే రాసిపెట్టాలి. అందువల్ల పని పూర్తయ్యాక అనుకూలంగా వచ్చిన కొలతను ముందుకు తెచ్చి, రానిదాన్ని మరుగుపరిచినవారిని ఆ నమోదే పట్టిస్తుంది. మధ్యలో వివరాలు మార్చినా పాత రూపం చెరిగిపోదు. థీసిస్ గైడులు దీన్ని ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగుల భద్రత, హక్కులు చూసే సంఘం) అనుమతి తర్వాత మిగిలిన ఒక కాగితపు లాంఛనంగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది. విద్యార్థి తన ప్రశ్నను స్పష్టంగా ఆలోచించుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం లేదు.

అయితే నమోదు ఫారంలో గడి నిండినంత మాత్రాన సమాచారం ఇచ్చినట్టు కాదు. ‘మోకాలి నొప్పి తగ్గుదల’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ‘నడిచేటప్పుడు నొప్పి, 0 నుంచి 10 స్కేలుపై, 12వ వారంలో’ అని రాస్తేనే తర్వాత ఎవరైనా సరిచూడగలరు. ఇంటికి వచ్చి చేయించే ఫిజియోథెరపీ, పక్షవాతం వచ్చిన వృద్ధుల సంరక్షణ, కుటుంబ సభ్యులకు ఇచ్చే శిక్షణ వంటి ట్రయల్స్‌లో ఈ లోటు మరీ పెద్దది. మాత్రకు మోతాదు రాస్తారు గానీ, ఆ సేవను ఎవరు, ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎలాంటి శిక్షణతో అందించారో చాలామంది రాయరు. చికిత్సా విధానాన్ని వర్ణించడానికి 2014లో వచ్చిన టైడియర్ జాబితాలోని 12 అంశాలను దగ్గర పెట్టుకుని నింపమని విద్యార్థులకు చెబుతుంటాను.

పెద్ద వెలితి ఫలితాలది. నేను చూసే నమోదుల్లో ట్రయల్ ముగిసిందని ఉంటుంది, కానీ ఏం తేలిందో, ఎంతమంది మధ్యలో మానేశారో, ఎవరికి ఏ హాని కలిగిందో చాలాసార్లు కనిపించదు. వైద్య పరిశోధన పత్రికలో ప్రచురించే ట్రయల్ నివేదికకు 2025లో సవరించిన కన్సార్ట్ జాబితా 30 అంశాలు అడుగుతోంది, హాని వివరాలు కూడా అందులో ఉన్నాయి. ప్రచురణకు నోచుకోని థీసిస్‌ను అలా అడిగేవారు లేరు. పనిచేయదని తేలిన చికిత్స వివరం బీరువాలో ఉండిపోతే, దాన్నే మరో ఊళ్లో మరికొందరు రోగులపై మళ్లీ పరీక్షిస్తారు. ముగిసిన ఏడాదిలోగా సంక్షిప్త ఫలితాలు పెట్టడాన్ని తప్పనిసరి చేస్తే ఈ రిజిస్ట్రీ నా దృష్టిలో సంపూర్ణమవుతుంది.

భాష మరో అడ్డంకి. రోగికి ఇచ్చే సమాచార పత్రం అతనికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నా, రిజిస్ట్రీలోని వివరాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. 2011లో మందుల పరీక్షలకు వెళ్లిన పిడుగురాళ్ల మహిళల ఉదంతం వార్తలకెక్కిన ఈ ప్రాంతంలో, ప్రతి నమోదుకూ పది వాక్యాల తెలుగు సారాంశం కోరడం అత్యాశ కాదు. ఈలోగా విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో ఎవరైనా మిమ్మల్ని ట్రయల్‌లో చేరమంటే, సంతకానికి ముందు సీటీఆర్ఐ నంబరు అడగండి. ఇంగ్లీషు చదవగలిగిన ఇంటివారితో ఆ పేజీ తెరిపించి, ప్రధానంగా ఏం కొలుస్తారన్నది, ఎథిక్స్ కమిటీ అనుమతి, ప్రజల ప్రశ్నలకు జవాబిచ్చే వ్యక్తి వివరాలు చదివించుకోండి.