రెండు అంగుళాల సస్పెన్షన్ కిట్: 18 నెలల వాడకం తరువాత

ఏడాదిన్నర క్రితం నా ఫోర్ బై ఫోర్ బండికి బిగించిన, బాడీని రెండు అంగుళాలు పైకి లేపే సస్పెన్షన్ కిట్ మీద ఈ సమీక్ష రాస్తున్నాను. కిట్‌లో నాలుగు కాయిల్ స్ప్రింగులు, నైట్రోజన్ నింపిన నాలుగు మోనోట్యూబ్ (ఒంటి గొట్టం) షాక్ అబ్జార్బర్లు, కాస్త పొడవైన బంప్ స్టాపులు (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు దెబ్బను ఆపే రబ్బరు దిమ్మెలు) వచ్చాయి. నా బండికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్‌లే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసులే, ఉన్నాయి. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్నవారికి నేను చెప్పే వాటిలో కొన్ని వర్తించవు, ఎందుకంటే అక్కడ ఎత్తు పెంచగానే మొదట ఇబ్బంది పడేవి చక్రాలను తిప్పే కడ్డీల కీళ్లు, అంటే సీవీ జాయింట్లు. కిట్ నాణ్యత గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. అయితే దీన్ని కొనాలో వద్దో తేల్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది, ఆ ఆరు నెలల్లో తెలుసుకున్నదే కిట్ కన్నా ఎక్కువ విలువైనదని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదట నా ఫిర్యాదులు మూడు. గతుకుల్లో ముందు భాగం నుంచి టక్ టక్ మని చప్పుడు వచ్చేది. రాళ్ల దారిలో కుదుపు నేరుగా నడుముకు తగిలేది. చాళ్లు పడి గట్టిపడిన మట్టిరోడ్డు మీద అరగంట నడిపాక బండి వెనక భాగం పక్కకు జారుతూ పట్టు తప్పేది. ఈ మూడింటినీ కలిపి సస్పెన్షన్ పని అయిపోయిందని తీర్మానించుకున్నాను. తీరా బండిని లేపి చూస్తే చప్పుడుకు కారణం షాక్ అబ్జార్బర్ కాదు, ఇరుసు పక్కకు జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ చివర చీలిపోయిన రబ్బరు బుష్. దాన్ని మార్చగానే చప్పుడు పోయింది. రాళ్ల దారి కుదుపుకు ఇంకా సులువైన మందు దొరికింది: తారురోడ్డు మీద ఉంచే 34 పీఎస్‌ఐ గాలితోనే రాళ్ల మీదకు వెళ్లడం మానేసి, 20 పీఎస్‌ఐకి దించి, వేగం తగ్గించి నడిపితే ఆ కుదుపులో చాలా భాగాన్ని టైరే మింగేసింది. తిరిగి తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి, అది మాత్రం మరవకూడదు. అలా మూడు ఫిర్యాదుల్లో రెండు కిట్ లేకుండానే తీరిపోయాయి.

మిగిలిన మూడోది నిజంగా సస్పెన్షన్‌దే. స్ప్రింగు పని బరువు మోయడం. ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచడం షాక్ అబ్జార్బర్ పని. లోపలి పిస్టన్ సన్నని కవాటాల గుండా నూనెను తోసినప్పుడు కదలికలోని శక్తి వేడిగా మారుతుంది. చాళ్లు పడిన రోడ్డు మీద పిస్టన్ విరామం లేకుండా ఆడుతుంది కాబట్టి నూనె వేడెక్కి పలచబడుతుంది, గొట్టంలో గొట్టం ఉండే పాత ట్విన్‌ట్యూబ్ రకంలో అయితే గాలితో కలిసి నురగ కడుతుంది. నురగ కవాటాల్లోంచి సులువుగా దూరిపోతుంది, దానితో అణచే శక్తి పడిపోతుంది. బండి ఆపి పావుగంట చల్లారనిస్తే మళ్లీ బాగానే నడిచేది. ఆ లక్షణమే నన్ను ఒప్పించింది, ఎందుకంటే అరిగిపోయిన షాక్ అబ్జార్బర్ చల్లగా ఉన్నప్పుడూ సరిగా పనిచేయదు. చల్లారితే కోలుకునేది వేడికి ఓడిపోతున్నదన్నమాట.

దీనికి బరువు తోడైంది. ఇనుప బంపరు, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించ్, అడుగున రక్షణ పలక కలిపి ముందు ఇరుసు మీద 110 కిలోలు అదనంగా పడుతున్నట్టు కాటా మీద ఒక్కో ఇరుసునూ విడిగా తూచినప్పుడు తేలింది. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు కొలిస్తే ఆ సామగ్రి బిగించక ముందు కన్నా ముందు భాగం 31 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. కిట్ కొనాలనుకునేవారు ముందుగా ఈ రెండు కొలతలూ తీసుకోవాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఒకే కిట్‌కు మూడు నాలుగు రకాల స్ప్రింగులు ఉంటాయి, వాటిలో ఏది కావాలో తేల్చేది ఎప్పుడూ బండి మీదే ఉండే బరువు మాత్రమే. అమ్మకందారు నాకు నాలుగు వైపులా అన్నిటికన్నా గట్టి స్ప్రింగులే అంటగట్టబోయాడు. నేను ముందుకు గట్టివి, వెనకకు మధ్యరకం తీసుకున్నాను. నా వెనక బరువు ప్రయాణం ఉన్నప్పుడు మాత్రమే ఉంటుంది, గట్టి స్ప్రింగు వేసి ఖాళీగా తిరిగితే బండి గతుకు గతుకుకూ గెంతుతుంది.

కిట్ వేశాక అదే మట్టిరోడ్డు మీద, అంతే బరువుతో, గంటన్నర ఆపకుండా నడిపాను. వెనక భాగం ఒక్కసారి కూడా పట్టు తప్పలేదు. మోనోట్యూబ్‌లో పిస్టన్ ఆడే గొట్టమే బయటి గాలికి తగులుతుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది. నైట్రోజన్‌ను మరో తేలే పిస్టన్ నూనె నుంచి వేరుచేసి ఉంచుతుంది కాబట్టి నూనె నురగ కట్టదు. ఈ మేలుకు ఒక మూల్యం ఉంది: రాయి తగిలి ఆ ఒంటి గొట్టం సొట్టపడితే లోపలి పిస్టన్ ఇరుక్కుపోతుంది, ట్విన్‌ట్యూబ్ అయితే బయటి గొట్టం సొట్టపడినా నడిచిపోతుంది. డబ్బు ఆదా చేయాలని కొత్త స్ప్రింగులు మాత్రమే వేసి పాత షాక్ అబ్జార్బర్లు ఉంచుకుందామనుకునేవారికి ఒక మాట. గట్టి స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు ఎక్కువ బలంతో సాగుతుంది, ఆ బలాన్ని ఆపేలా పాతవాటి కవాటాలు అమర్చి ఉండవు, ఫలితంగా బండి పడవలా తేలుతుంది.

ఇక ఎత్తు సంగతి. చాలామంది కిట్ కొనేది దీనికోసమే, నన్ను నిరాశపరిచిందీ ఇదే. సాలిడ్ యాక్సిల్ బండిలో లిఫ్ట్ వేస్తే పైనున్న బాడీ లేస్తుంది గానీ ఇరుసు మీదుండే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, ఉన్నచోటే ఉంటుంది. దాని కింద ఖాళీ పెరగాలంటే పెద్ద టైరే మార్గం, అదీ టైరు వ్యాసం ఎంత పెరిగితే అందులో సగమే. గట్టు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బంపరు తగలకుండా ఉండటం, నడుము భాగం దిబ్బకు రాసుకోకపోవడం మాత్రం నిజమైన లాభాలు. బదులుగా గురుత్వ కేంద్రం పైకి పోతుంది, పక్కవాలు మీద ఆ తేడా నాకు మొదటి రోజే తెలిసింది. చక్రం పక్కకు తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే క్యాస్టర్ కోణం 2.5 డిగ్రీలు తగ్గి, మలుపు తిరిగాక చక్రం తనంతట తాను నిటారుకు రావడం మందగించింది. పాన్‌హార్డ్ రాడ్ వాలు మారి ముందు ఇరుసు 8 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. సంపూర్ణ కిట్ అని పెట్టె మీద అచ్చువేసినవారు క్యాస్టర్ సరిదిద్దే బుష్‌లు గానీ, పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్ గానీ అందులో పెట్టలేదు, అవి విడిగా కొనుక్కున్నాను. హెడ్‌లైట్ల వెలుగును కిందికి దించుకోవాలి, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు బిగుసుకుంటున్నాయేమో చూసుకోవాలి.

బిగించిన వర్క్‌షాపు చేసిన ఒక పొరపాటు కూడా రాయాలి. బండి జాకీ మీద ఉండి చక్రాలు వేలాడుతుండగానే ఇరుసును చట్రానికి కలిపే ఆర్మ్‌ల బుష్ బోల్టులను పూర్తిగా బిగించేశారు. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోయింది, అయిదు నెలల్లో రెండు బుష్‌లు చిరిగాయి. చక్రాలు నేల మీద ఉండి బండి బరువు పూర్తిగా పడిన తరువాతే ఆఖరి బిగింపు చేయాలి. మీరు దగ్గరుండి ఈ ఒక్కటి చూసుకుంటే చాలు.

బండి మీద అదనపు బరువు లేకుండా, నెలకోసారి మట్టిదారిలో తిరిగేవారికి ఈ కిట్ అవసరం లేదు. కంపెనీ రకానివే కొత్త షాక్ అబ్జార్బర్లు ఇరుసుకు రెండు చొప్పున మార్చుకుని, మంచి టైర్లూ చిన్న గాలి పంపూ కొనుక్కోవడం మేలు. శాశ్వత బరువు మోస్తూ దూరప్రయాణాలు చేసేవారు నిస్సందేహంగా తీసుకోవచ్చు, అయితే గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన తయారీదారు నిర్ణయించిన మొత్తం బరువు పరిమితి పెరగదు, బ్రేకులూ ఇరుసులూ పాతవే కదా.

ప్రస్తుతం 22,000 కిలోమీటర్ల దగ్గర కుడివైపు వెనక షాక్ అబ్జార్బర్ కడ్డీ చుట్టూ పలచని నూనె చెమ్మ కనిపిస్తోంది. చెమ్మ వరకు పరవాలేదు, చుక్కలు కారడం మొదలైతే సీలు పోయినట్టు. ఈ రకాన్ని విప్పి సీలూ నూనే మార్చి తిరిగి నైట్రోజన్ నింపవచ్చు, దానికి తగిన పరికరం ఉన్నచోట వచ్చే నెల ఇవ్వబోతున్నాను.