రాణిగారి పర్యటన స్టాంపులు, అయిదింటి సెట్టు: సరుకు బాగుంది, అమ్మినాయన మాటే తేడా

1953-54లో ఎలిజబెత్ రాణి సామ్రాజ్యం చుట్టి వచ్చినప్పుడు వేసిన ‘రాయల్ విజిట్’ స్టాంపులివి. బెర్ముడా, జమైకా, ఫిజీ, మాల్టా దీవులవి, దీవి కాకపోయినా జిబ్రాల్టర్‌ది. ఆన్‌లైన్‌లో 640 రూపాయలు పెట్టి కొన్నాను. విజయనగరానికి ఆరో రోజుకి వచ్చింది. కవరు చేతికిస్తూ మా పోస్ట్‌మ్యాన్ ‘ఏటండీ బాబూ, లోపల ఏటీ లేనట్టుంది’ అన్నాడు, అంత పల్చగా ఉంది. ప్యాకింగ్‌కి మాత్రం వంక పెట్టలేం, రెండు అట్టముక్కల మధ్య ఒక్కో స్టాంపుకి ఒక్కో ప్లాస్టిక్ కవరు.

ఫిజీ ఎనిమిది పెన్నీల స్టాంపుని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాను. బొమ్మ వాళ్లు మామూలు రోజుల్లో అమ్మే ఎనిమిది పెన్నీలదే, ‘రాయల్ విజిట్ 1953’ అని ఓ ముక్క చేర్చారంతే. బెర్ముడా ఆరు పెన్నీలదీ అదే వరస. మొదట ఇదేం పీనాసితనం అనుకున్నాను గానీ, అసలు రాణిగారు ఫిజీకి దిగిందే అద్దె ఓడలో! నవంబరు 23న లండన్‌లో విమానం ఎక్కి బెర్ముడా, జమైకా చూసి, అక్కడ ‘గోథిక్’ అనే ఓడ ఎక్కి పనామా కాలువ మీదుగా డిసెంబరు 17కి ఫిజీ రాజధాని సువా చేరింది. సొంత ఓడ ‘బ్రిటానియా’ అప్పటికి తయారవలేదు, మే నెలలో మాల్టా వెళ్లేసరికి అందింది. అందుకని నా ఆల్బమ్‌లో రెండు విమానం స్టాంపులు, ఒకటి అద్దె ఓడది, రెండు సొంత ఓడవి అని వరస పెట్టుకున్నాను.

ఖర్చు సంగతికొస్తే, సిరిమానోత్సవం ముందు మన ఊళ్లో గుంతలు పూడ్చి సున్నం కొట్టే హడావుడి చూసినవాళ్లకి అతిథి వస్తే దిగిన ఊరికి ఎంత పని పడుతుందో చెప్పక్కర్లేదు. కానీ తపాలా ఆఫీసులో స్టాంపు కొన్న నాలాంటివాడు దాన్ని ఏ ఉత్తరానికీ అంటించడు, తపాలా వాళ్లు మోసేదేమీ ఉండదు, డబ్బు మాత్రం ఖజానాకి చేరుతుంది. చిన్న దీవులకి అదీ ఒక రాబడే. అయిదు స్టాంపుల మీద ఉన్న ధరలన్నీ కలిపితే 22 పెన్నీలు, అప్పట్లో పౌనుకి 240 పెన్నీలు.

ఇక అమ్మినాయనతో గొడవ. ‘ఆల్బమ్‌లో ఎప్పుడూ అంటించనివి’ అని రాసి అమ్మాడు. ఫిజీది వెనక్కి తిప్పితే ఆల్బమ్‌లో అంటించడానికి వాడే పాత అంటు కాగితం ముక్క గోరంత మిగిలి ఉంది, దాని చుట్టూ జిగురు పసుపు తిరిగింది. ఫోటో తీసి పంపితే ‘డెబ్భై ఏళ్ల సరుకు కదా సార్’ అని జవాబు. అంటించని దానికి, అంటించిన దానికి ధరలో తేడా ఉంటుందని ఆయనకి తెలీదా? తర్వాతి ఆర్డరులో యాభై తగ్గిస్తానన్నాడు.

మూడు స్టార్లు ఇస్తున్నాను, అవీ ప్యాకింగ్‌కి, స్టాంపులకి. ఆయన దగ్గర 1966 కరీబియన్ పర్యటన సెట్టు కూడా ఉంది. వెనకవైపు ఫోటోలు పంపితేనే డబ్బు వేస్తానన్నాను. పది రోజులైంది, మెసేజ్ చూశాడు, ఫోటోలు మాత్రం రాలేదు.