డ్రాప్_ఎన్ఏ: పని చక్కగా చేస్తుంది, లెక్క మాత్రం అప్పజెప్పదు

గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో, ఖాళీలు (ఆర్‌లో వీటి గుర్తు ఎన్ఏ) ఉన్న అడ్డు వరుసలను ఏరివేయడానికి టైడీఆర్ ప్యాకేజీలో ఉన్న డ్రాప్_ఎన్ఏ ఫంక్షన్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. దాని మంచిచెడ్డలు చూపడానికి ఆర్‌తోపాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ పట్టిక చాలు. 1973 మే నుంచి సెప్టెంబరు వరకు న్యూయార్క్‌లో రోజువారీగా తీసిన గాలి కొలతలు అందులో 153 వరుసలుగా ఉన్నాయి. ఓజోన్ విలువ 37 రోజులకు, సౌర వికిరణం విలువ 7 రోజులకు లేదు.

కాలమ్ పేరేదీ ఇవ్వకపోతే డ్రాప్_ఎన్ఏ ఒక్క ఖాళీ ఉన్న వరుసనైనా తీసివేసి 111 మిగులుస్తుంది. ఓజోన్ పేరు ఇస్తే 116 మిగులుతాయి. ఓజోన్‌కూ గాలి వేగానికీ ఉన్న సంబంధాన్ని మాత్రమే పరిశీలించేవారు, సౌర వికిరణం నమోదు కాలేదన్న కారణంతో 5 రోజులను వదులుకోనక్కరలేదు. ఆర్‌లో ముందునుంచీ ఉన్న ఎన్ఏ.ఆమిట్‌కు మామూలు డేటాఫ్రేమ్ (ఆర్‌లో పట్టిక) ఇస్తే ఈ వెసులుబాటు ఉండదు. అయితే అది తీసివేసిన వరుసల క్రమసంఖ్యలను ఫలితంతోపాటే భద్రపరుస్తుంది. డ్రాప్_ఎన్ఏ ఆ జాబితా ఉంచదు, ఎన్ని వరుసలు పోయాయో ఒక్క ముక్కయినా చెప్పదు.

నా అసలు ఫిర్యాదు ఈ మౌనం మీదనే. మిగిలిన 111 వరుసలను నెలలవారీగా లెక్కిస్తే సెప్టెంబరుకు 29 రోజులు ఉండగా జూన్‌కు 9 మాత్రమే ఉన్నాయి. ఖాళీలు అన్ని నెలల్లోనూ సమానంగా లేనందువల్ల, ఆ వరుసలతో కట్టిన సగటును అయిదు నెలల సగటు అని రాస్తే అందులో జూన్ దాదాపు లేనట్టే. తప్పు ఫంక్షన్‌ది కాదు, చెప్పిన పనే చేసింది. కానీ పోయిన వరుసల సంఖ్యను ఒక సందేశంగా చూపి ఉంటే వాడేవారు అక్కడే ఆగి చూసుకునేవారు.

కొత్తగా వాడేవారు మరో సంగతి గమనించాలి. కొలత లేదని సూచించడానికి ఎవరైనా -99 అని నింపినా, గడిలో ఒక్క అక్షరమూ లేని పాఠం (ఖాళీ స్ట్రింగ్) ఉన్నా, ఈ ఫంక్షన్ వాటిని లోపంగా ఎంచదు. ఫైలు చదివేటప్పుడే వాటిని ఎన్ఏగా మార్చుకోవాలి.

ఇన్ని చెప్పినా నేను దీన్నే వాడుతున్నాను. కాకపోతే ముందుగా కంప్లీట్.కేసెస్‌తో ఏ వరుస నిండుగా ఉందో, ఏది లేదో తెలుసుకుని, ఆ ఫలితాన్ని నెలతో కలిపి, లెక్కలు కట్టే టేబుల్ ఫంక్షన్‌కు ఇస్తాను. ఒక్క వాక్యం కోడ్‌తో, ఏ వరుసనూ తీయకముందే, జూన్ పక్కన ఖాళీలున్న వరుసల లెక్క 21 కనిపిస్తుంది.