బొమ్మల బటన్లతో మాట: మాట్లాడే యాప్‌ను కొన్నేళ్ళు వాడాక

మా బాబుకు ఆటిజం ఉంది, నోటిమాట చాలా తక్కువ. ట్యాబ్లెట్‌లో బొమ్మ ఉన్న బటన్ నొక్కితే ఆ మాటను పలికే యాప్‌ను కొన్నేళ్ళుగా వాడుతున్నాడు. అంతకుముందు, 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పెక్స్ పద్ధతిలో, కావలసిన వస్తువు బొమ్మ ఉన్న కార్డును ఎదుటివారి చేతికిచ్చి అడగడం నేర్చుకున్నాడు. ఆ కార్డులు మంచి పునాది వేశాయి గాని, మాటలు పెరిగేకొద్దీ కావలసిన కార్డు వెతకడమే పెద్ద పనయింది.

యాప్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది బటన్ల చోటు మారకపోవడం. మేము బొమ్మను వెతికి నొక్కుతాం, బాబు వేలు మాత్రం అలవాటుగా ఆ చోటికే వెళ్తుంది. అందుకే మొదట్లో కొన్ని మాటలే చూపించినా, గడుల సంఖ్య మార్చకుండా మిగిలినవాటిని దాచి ఉంచమని స్పీచ్ థెరపిస్టు చెప్పారు. తరువాత ఒక్కొక్కటీ తెరిచినప్పుడు పాత మాటలు ఉన్నచోటే ఉన్నందువల్ల నేర్చుకున్నదేదీ వృథా కాలేదు.

యాప్ ఎంచుకునేటప్పుడు వస్తువుల పేర్లు ఎన్ని ఉన్నాయో చూడడం కంటే, 'ఇంకా', 'వద్దు', 'ఆపు', 'నొప్పి' వంటి మాటలు సులువుగా అందే చోట ఉన్నాయో లేదో చూడాలని నా గట్టి అభిప్రాయం. ఒక సాయంత్రం బాబు ఏడుస్తూ, తల పక్కకు కొట్టుకుంటూ, మధ్యలో ఆగి ట్యాబ్లెట్ లాక్కున్నాడు. శరీర భాగాల పేజీ తెరిచి 'చెవి' నొక్కాడు, మొదటి పేజీకి వచ్చి 'నొప్పి' నొక్కాడు, మేము లేచేదాకా ఆ ఒక్క బటన్నే నొక్కుతూ ఉన్నాడు. డాక్టరు చూసి చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు. ఈ ఒక్క సందర్భం చాలు, నేను ఈ సాధనాన్ని ఎవరికైనా సిఫారసు చేయడానికి. 'వద్దు' అన్నప్పుడు వీలైనంత వరకు ఆపుతాం. మందు వేయడం వంటి తప్పనిసరి పనుల్లో కూడా, తన మాట మాకు వినబడిందని అదే తెరపై చెప్పి చేస్తాం.

అయితే ఇది కొని చేతికిస్తే సరిపోయే వస్తువు కాదు. ఇంట్లో పెద్దలు తాము మాట్లాడేటప్పుడు కూడా బటన్లు నొక్కి చూపించాలి, అదీ పిల్లవాడి నుంచి జవాబు ఆశించకుండా, నెలల తరబడి. పిల్లవాడి చెయ్యి పట్టుకుని మనమే నొక్కించడం మాత్రం తగదు, అప్పుడు పలికేది మన మాటే అవుతుంది. బటన్లకు అలవాటు పడితే నోటిమాట రాదేమోనని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. ఈ విషయంపై మిల్లర్, లైట్, ష్లోసర్ 2006లో ప్రచురించిన పరిశోధన సమీక్షలో, గట్టి ఆధారాలున్న అధ్యయనాల్లోని 27 మందిలో ఎవరికీ నోటిమాట తగ్గలేదు, ఎక్కువమందికి కొంత పెరిగింది.

లోపాలూ ఉన్నాయి. బొమ్మలను వరుసగా నొక్కితే తెలుగు విభక్తులు, క్రియారూపాలు వాటంతట అవి కుదరవు, 'నేను నీళ్ళు కావాలి' అనే పలుకుతుంది. తరచుగా వాడే వాక్యాలను మేమే పూర్తి రూపంలో చేర్చుకున్నాం. ఎండలో తెర సరిగా కనబడదు, రద్దీలో గొంతు వినబడదు. ఆటలు, వీడియోలు అదే ట్యాబ్లెట్‌లో ఉంటే మాట వెనకబడుతుంది కనుక దీన్ని మాటకే కేటాయించి, యాప్ దాటి వెళ్ళకుండా లాక్ చేశాం. మందలించేటప్పుడు దీన్ని లాక్కోవద్దని ఇంటికి వచ్చేవారందరికీ చెబుతాం. చేర్చిన మాటల ఫైలును వేరేచోట కూడా దాచుకోవడం, మొదటి పేజీని ముద్రించి లామినేషన్ చేయించుకోవడం తప్పనిసరి. స్నానాల గదిలోనూ, చార్జింగ్ అయిపోయినప్పుడూ బాబు ఆ కాగితం మీదే వేలు పెట్టి అడుగుతాడు.