షిన్‌జుకు గ్యోఎన్: పిల్లలతో, పెద్దలతో కలిసి సకురా చూడాలంటే

టోక్యోలో సకురా (చెర్రీ పూలు) చూసే చోట్లకు కొదవ లేదు. కానీ తాతయ్యలు, అత్తలు, పెదనాన్నలు ఏడాదికోసారి కలుసుకునే రోజున నాలుగైదేళ్ల పిల్ల కూడా వెంట ఉంటే, అక్కడి పెద్ద తోట షిన్‌జుకు గ్యోఎన్‌కే వెళ్లండి. పూల కన్నా ఇక్కడి నిబంధనలే అందుకు కారణం. మద్యం తేకూడదు, గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. బంతి, బ్యాడ్మింటన్ లాంటివీ నిషిద్ధం. దాంతో పెద్దలొక గుంపు, పిల్లలొక గుంపుగా విడిపోవడం బాగా తగ్గుతుంది. టోక్యోలోనే ఉన్న ఉఎనో పార్కుకు టికెట్ లేదు, సందడీ బాగుంటుంది. కాకపోతే సీజన్లో అక్కడ జనం పరుచుకుని కూర్చునే షీట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, చిన్నపిల్ల నాలుగడుగులు పరిగెత్తే చోటు దొరకదు.

ప్రవేశం పెద్దలకు 500 యెన్లు, 65 దాటినవారికి 250 (వయసు చూపే కార్డు కావాలి), జూనియర్ హైస్కూల్ వరకు పిల్లలకు ఉచితం. గేట్లు 9 గంటలకు తెరుస్తారు. ఈమధ్య రద్దీ వారాంతాల్లో ముందస్తు బుకింగ్ పెడుతున్నారు, వెబ్‌సైట్ చూడకుండా బయల్దేరకండి. పెద్ద లోటు ఇదే.

కొత్త ముఖాలు చూసి బిగుసుకుపోయే పిల్లను "తాతయ్య దగ్గరికి వెళ్లు" అని తోస్తే ఇంకా వెనక్కి నక్కుతుంది. చేతికి పని ఇవ్వండి. తడి తువ్వాళ్లు, కాగితం ప్లేట్లు ఒక్కొక్కరికీ తనే పంచితే వరసలు వాటంతటవే నోటికొస్తాయి. ఆ తర్వాత షిరితోరి ఆడించండి: ముందు మాట చివరి అక్షరంతో మొదలయ్యే మాట చెప్పే జపనీస్ ఆట, సామాను అక్కర్లేదు. ఒకరు "సకుర" అంటే పక్కవాళ్లు "రప్ప" అనాలి, ఆ తర్వాత "పాండా". "మికాన్" లాగా న్‌తో ముగిసే మాట అన్నవాళ్లు ఓడినట్టే. ఎనభై ఏళ్ల ముత్తవ్వ, ఐదేళ్ల మునిమనవరాలు సమానంగా పోటీపడే ఆట ఇంతకన్నా మంచిది లేదు. రాలుతున్న రేకుల్ని నేలను తాకకముందే పట్టుకోవడమూ పిల్లలకు మహా ఇష్టం. కొమ్మల జోలికి మాత్రం పోనివ్వకండి.

తిండిలో జాగ్రత్త పడాల్సింది మూడు రంగుల దాంగోతో, అంటే పుల్లకు గుచ్చిన బియ్యప్పిండి ఉండలతో. జిగురుగా సాగే ఉండ, గొంతుకు అడ్డం పడుతుంది. చిన్నపిల్లలకైతే పుల్ల నుంచి తీసి, ఒక్కో ఉండను నాలుగు ముక్కలు చేసి, కూర్చోబెట్టి తినిపించాలి. బహుశా ముద్దు చేసే పెద్దవాళ్లే పుల్లతో సహా చేతికిచ్చేస్తారు, ముందే చెప్పి ఉంచండి.

మార్చి చివర నేల చల్లగా, తడిగా ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ షీట్ ఒక్కటే పరిస్తే అరగంటకే చలి పైకి పాకి, పిల్ల ఇంటికి వెళ్దామని పేచీ పెడుతుంది. కింద అల్యూమినియం పూత ఉన్న మందపాటి చాప వేయండి. 1.8 మీటర్ల చదరపు షీట్ మీద బెంతో (భోజనం) పెట్టెలు మధ్యలో పెడితే నలుగురు పెద్దలు, ఒక పిల్ల ఇరుకు లేకుండా కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారి కోసం బెంచీ పక్కనే చోటు చూసుకోవాలి, అందుకోసమైనా 9కే లోపలికి వెళ్లండి.

మార్చి చివర పూసే సోమేయ్ యోషినో రకం పూలు తప్పిపోయినా దిగులు లేదు. ఇక్కడ 60కి పైగా సకురా రకాలున్నాయి. ఇచియో, కంజాన్ రకాలు ఏప్రిల్ మధ్యలో విరగబూస్తాయి, అప్పటికి చలీ తగ్గుతుంది.