2016 నుంచి పోస్ట్‌ఫిక్స్ వాడుతున్నాను: వెళ్లని మెయిల్ ఎక్కడ ఆగిందో చెబుతుంది, కాకపోతే మనమే వెళ్లి అడగాలి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే మా కంపెనీలో నలభై మంది దాకా మెయిల్ వాడతారు. అదంతా ఒక ఉబుంటు (లినక్స్) సర్వర్ మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తోంది, 2016 నుంచి దాన్ని చూసుకునేది నేనే. లోపలికి వచ్చే మెయిల్, స్పామ్ ఫిల్టర్ల జోలికి ఇప్పుడు వెళ్లను. మన దగ్గర బయలుదేరిన మెయిల్ అవతలివాళ్లకి చేరనప్పుడు ఇది ఎంతవరకు ఆదుకుంటుందో మాత్రమే రాస్తాను, ఎందుకంటే నా టెన్షన్ అంతా అక్కడే.

2019లో జరిగింది చెబుతాను. ఒక శనివారం ఆఫీసు ఇంటర్నెట్ లీజ్డ్ లైన్ మార్చాం, కొత్త స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే ఇంటర్నెట్ అడ్రసు) వచ్చింది. సోమవారం మా సేల్స్ అమ్మాయి నాగపూర్‌లోని ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి పెద్ద కొటేషన్ పంపింది. గురువారం వాళ్ల దగ్గర నుంచి ఫోన్, ఇంకా రాలేదేమని. "సెంట్‌లో ఉంది కదండీ, వెళ్లినట్టే కదా" అంది ఆ అమ్మాయి. సర్వర్‌లో మెయిల్‌క్యూ (ఇంకా వెళ్లకుండా ఆగిన మెయిళ్లు చూపించే కమాండ్) కొట్టి చూస్తే కొటేషన్ అక్కడే కూర్చుని ఉంది, దాని కిందే కారణం కూడా ఉంది: 450, మీ ఐపీకి రివర్స్ పేరు దొరకలేదు. కొత్త ఐపీకి పీటీఆర్ రికార్డు, అంటే ఈ ఐపీ పేరు ఇదీ అని చెప్పే రికార్డు, పెట్టించాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అది మన డొమైన్ ప్యానెల్‌లో పెట్టుకునేది కాదు, ఆ ఐపీ ఎవరిదో వాళ్లే, అంటే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీయే పెట్టాలి. మిగతా చోట్లకి చాలావరకు మెయిల్ వెళ్తూనే ఉండటంతో మూడు రోజులు ఎవరికీ అనుమానం రాలేదు.

పోస్ట్‌ఫిక్స్ మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. అవతలి సర్వర్ 5తో మొదలయ్యే నంబరు ఇస్తే ఇక రావద్దని అర్థం, వెంటనే బౌన్స్ అయి, అంటే వెనక్కి తిరిగొచ్చి, పంపినవాళ్లకి తెలిసిపోతుంది. 4తో మొదలైతే తర్వాత రమ్మని, అప్పుడు మెయిల్ డిఫర్డ్ క్యూ (వాయిదా పడ్డ మెయిళ్ల వరస) లోకి వెళ్తుంది, ముందు 300 సెకన్లకి, తర్వాత వ్యవధి పెంచుకుంటూ 4000 సెకన్ల దాకా ఆగి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఇలా 5 రోజులు. ఆ 5 రోజులూ పంపిన మనిషికి ఒక్క ముక్క చెప్పదు, ఎందుకంటే ఆలస్యం గురించి హెచ్చరించే సెట్టింగ్, డిలే వార్నింగ్ టైమ్, మొదట్లో సున్నాగా ఉంటుంది. వ్యాపారంలో 5 రోజులంటే ఆర్డర్ చేజారిపోయినట్టే. మా దగ్గర ఆ హెచ్చరికని 2 గంటలకి, క్యూలో ఉంచే గడువుని 2 రోజులకి మార్చాను. కొత్తగా పెట్టుకునేవాళ్లు ముందు ఈ రెండూ మార్చండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఇక మెచ్చుకోవాల్సింది లాగ్. వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా 1998లో బయటికి తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది, ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంత స్పష్టంగా మాట్లాడే లాగ్ నాకు వేరే చోట దొరకలేదు. ఒక్క మెయిల్‌కి ఒక్క క్యూ ఐడీ, దాన్ని పట్టుకుని వెతికితే ఎవరికి, ఏ సర్వర్ ద్వారా, ఫలితం సెంటా, డిఫర్డా, బౌన్సా, అవతలివాళ్లు అన్న మాట యథాతథంగా, అన్నీ ఉంటాయి. డిలేస్ అని నాలుగు అంకెలు వరసగా వేస్తుంది, చాలామంది వాటిని చూడరు. మొదటిది క్యూ మేనేజర్ (ఏ మెయిల్ ఎప్పుడు పంపాలో చూసే భాగం) చేతికి రాకముందు గడిచిన సమయం, రెండోది క్యూ మేనేజర్ దగ్గర, మూడోది కనెక్షన్ కలవడానికి, నాలుగోది మెయిల్ పంపడానికి పట్టింది. మూడోది పెద్దగా ఉంటే డీఎన్ఎస్ (డొమైన్ పేరుకి అడ్రసు చెప్పే వ్యవస్థ) వైపో, నెట్‌వర్క్ వైపో చూడాలి, రెండోది పెద్దగా ఉంటే మన క్యూ నిండిపోయి ఉండొచ్చు.

సెంట్ అని ఉండి కూడా మెయిల్ రాలేదంటే? అవతలి సర్వర్ 250, అంటే సరే అని, తీసుకుందని మాత్రమే దానర్థం, ఇన్‌బాక్స్‌లో పడిందని కాదు. ఆ లైన్ కాపీ చేసి అవతలి ఐటీ వాళ్లకి పంపుతాను, వాళ్లు తమ స్పామ్ క్వారంటైన్‌లో (అనుమానపు మెయిళ్లు ఆపి ఉంచే చోట) వెతుక్కుంటారు, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

2021లో మాత్రం నిజంగా నిద్ర పట్టలేదు. ఒకరి పాస్‌వర్డ్ దొంగిలించి రాత్రికి రాత్రి వేల కొద్దీ చెత్త మెయిళ్లు మా సర్వర్ నుంచి పంపారు, తెల్లారేసరికి మా ఐపీ బ్లాక్‌లిస్టులో (చెత్త మెయిల్ పంపే అడ్రసుల జాబితాలో) ఉంది. క్యూషేప్ అనే కమాండ్ కొడితే ఏ డొమైన్‌కి ఎన్ని, ఎంతసేపటి నుంచి ఆగి ఉన్నాయో పట్టికలా చూపించింది, ఆ ఒక్క అకౌంట్ నుంచి వచ్చినవి పోస్ట్‌సూపర్ అనే కమాండ్‌తో తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, అప్పుడు బ్లాక్‌లిస్టు నుంచి తీసేయమని అడిగాను. ఈ వరస ముఖ్యం, మూలం ఆపకుండా అడిగితే మళ్లీ ఎక్కిస్తారు. ఒక యూజర్ గంటకి ఇన్నే పంపాలి అని పరిమితి పెట్టే సౌకర్యం పోస్ట్‌ఫిక్స్‌లో సొంతంగా లేదు, విడిగా పాలసీ సర్వర్ (ఇలాంటి నియమాలు చూసే వేరే ప్రోగ్రామ్) పెట్టుకోవాలి. ఇది పెద్ద లోటే.

డీకిమ్ సంతకం (మెయిల్ మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం) కూడా పోస్ట్‌ఫిక్స్ సొంతంగా చేయదు, ఓపెన్‌డీకిమ్ లాంటి ప్రోగ్రామ్ తగిలించాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు బిగించాక ఎస్పీఎఫ్ (మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు), డీకిమ్ సరిగ్గా లేకుండా బతకడం కష్టం. ఎస్పీఎఫ్‌లో డీఎన్ఎస్ వెతుకులాటలు పదికి మించకూడదన్న నియమం గుర్తుంచుకోండి, మార్కెటింగ్ సర్వీసు ఒకటి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి అని చేర్చుకుంటూ పోతే మొత్తం రికార్డే చెల్లకుండా పోతుంది.

క్లౌడ్‌లో పెట్టేవాళ్లకి ఒక మాట. లాగ్‌లో అన్ని డొమైన్లకీ కనెక్షన్ టైమ్డ్ అవుట్ అని వస్తుంటే కాన్ఫిగరేషన్ ఫైల్ తవ్వకండి, చాలా క్లౌడ్ సంస్థలు బయటికి వెళ్లే పోర్ట్ 25ని, అంటే సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే దారిని, మూసేసి ఉంచుతాయి. సర్వర్ నుంచి టెల్‌నెట్ అనే కమాండ్‌తో ఒకసారి 25కి తట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది, దారి లేకపోతే 587 పోర్ట్ మీద రిలే (మన మెయిల్ తీసుకుని ముందుకు పంపే వేరే సర్వర్) పెట్టుకోండి. కంగారులో మాటిమాటికీ క్యూ ఫ్లష్ (ఆగినవన్నీ ఇప్పుడే మళ్లీ పంపమనే కమాండ్) కొట్టకండి, దానివల్ల వెళ్లాల్సిన మంచి మెయిల్ కూడా నెమ్మదిస్తుంది.

నా రేటింగ్ 5కి 4. తగ్గించిన ఆ ఒక్కటీ గురువారం దాకా క్యూలో మౌనంగా ఉండిపోయిన ఆ కొటేషన్ కోసం.