పదిహేనేళ్లుగా వింటున్న ‘ఎ థౌజండ్ సన్స్’

కర్నూల్లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్‌లో అమెరికా రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ అంటే ‘హైబ్రిడ్ థియరీ’, ‘మెటియోరా’ ఆల్బమ్‌లే. అంతే. పరీక్షల టెన్షన్‌కి వాళ్ల గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ అరుపే మందు. 2007లో వచ్చిన ‘మినిట్స్ టు మిడ్‌నైట్’లోనే జోరు తగ్గిందని గొణుక్కున్నవాళ్లం. 2010 సెప్టెంబర్‌లో వాళ్ల కొత్త ఆల్బమ్ ‘ఎ థౌజండ్ సన్స్’ వస్తే ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చాడు. గిటార్ ఎప్పుడు దంచుతుందా అని స్పీకర్ల చుట్టూ కూర్చున్నాం. కీబోర్డు గుయ్‌మంటోంది. మధ్యలో ఎవరో పెద్దాయన గొంతు. ఒక ట్రాకైతే 18 సెకన్లకే అయిపోయింది.

“అన్నా, కాపీ సరిగ్గా కాలేదు.”

“అయ్యింది. అది అంతేరా.”

తప్పు మాదీ ఉంది. కంప్యూటర్ ఏబీసీడీల వరుసలో మోగించింది. ఇందులో 15 ట్రాకులు, 48 నిమిషాలకు కాస్త అటూ ఇటూ. వాటిలో ఆరు అసలు పాటలు కావు, పాటకూ పాటకూ మధ్య అతుకులు. విడదీసి వింటే బొంతలాగే ఉంటుంది. రెండేళ్ల తర్వాత అనంతపురం నుంచి వస్తూ బస్సులో మొదటిసారి వరుసలో విన్నాను. గుత్తిలో మొదలుపెడితే డోన్ దగ్గర పడేసరికి అయిపోయింది. ఒక్క ట్రాకూ మార్చబుద్ధి కాలేదు.

ఆ పెద్దాయన అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్. అణుబాంబు పరీక్షను తలుచుకుంటూ గీతలోని మాట చెబుతాడు. ‘వేయి సూర్యులు’ అనే ఆల్బమ్ పేరూ గీతలోదే, 11వ అధ్యాయం 12వ శ్లోకం. ఇంట్లో మా జేజినాయనను అడిగితే పుస్తకం తెరవకుండానే “దివి సూర్యసహస్రస్య” అని అందుకున్నాడు. నేను సంబరపడి చెస్టర్ గొంతు చించుకునే ‘బ్లాకౌట్’ పాట పెట్టి ఇయర్‌ఫోన్ చేతికిచ్చాను. పది సెకన్లు విని తీసేశాడు.

“ముందు ఆ పిల్లోనికి నీళ్లియ్యండ్రా.”

అన్నీ నచ్చాయని చెప్పను. ‘బర్నింగ్ ఇన్ ద స్కైస్’ నాకు ఇప్పటికీ చప్పిడి కూడే. బ్రాడ్ డెల్సన్ లాంటి గిటారిస్టును పక్కన పెట్టుకుని ఇంత పొదుపేమిటి అనిపిస్తుంది. కానీ ‘వెన్ దే కమ్ ఫర్ మీ’ డప్పుల దరువు వింటే ఆ కోపం నిలవదు. బ్యాండ్‌లోని మైక్ షినోడా, ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ కలిసి ప్రొడ్యూస్ చేసిన ఈ ఆల్బమ్‌లో చిన్న శబ్దాలు చాలా ఉన్నాయి. ఫోన్ స్పీకర్‌లో సగం వినపడవు, మంచి ఇయర్‌ఫోన్స్ ఉంటేనే వినండి.

చివరి పాట ‘ద మెసెంజర్’లో మాత్రం ఉన్నట్టుండి మామూలు చెక్క గిటార్. దాని మీద చెస్టర్ గొంతు, అక్కడక్కడా జీరపోతూ. అప్పట్లో మేం నవ్విన పాట. 2017 జులైలో అతను పోయిన రోజు మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో అందరూ పాత అరుపుల పాటలు పెడుతుంటే నేను దీన్ని పెట్టాను. చాలాసేపటికి ఆ సీనియర్ రాశాడు: “ఇప్పుడైనా మొత్తం విన్నావారా?”